విరమణకు నొక వయస్సు, వజీఫాకు నొక వయస్సు

ఉద్యోగమునకు వయఃపరిమితి యుండవచ్చునా, యుండరాదా యనునది పాత చర్చ. పడుచువారికి చోటు దొరకవలెనని యొకరును, పండిన యనుభవము వ్యర్థమైపోవునని మఱియొకరును వాదించుచునే యుందురు. ఆ చర్చలోనికి మేము దిగబోము. మే మడుగదలచినది వేఱొక ప్రశ్న. మనుష్యుడు పని చాలింపవలసిన వయస్సును చట్టము నిర్ణయించును. వానికి పింఛను సంచి విప్పు వయస్సును గూడ చట్టమే నిర్ణయించును. ఈ రెండు వయస్సులును ఒకటేనా? కానిచో నడుమనుండు ఏండ్లలో ఆ యింటి పొయ్యి యెట్లు మండవలెను? ఇది లెక్కల పంతులు వేయవలసిన ప్రశ్న గాని భాషా పంతులు వేయవలసినది కాదని మా మిత్రులు హాస్యమాడుదురు. కాని మా యెడపల్లిలో కాగితములు చదివించుకొనుటకు జనులు వచ్చునది మా కడకే గనుక, ఈ విషయము మా మెడకు జుట్టుకొన్నది.

మా నిజామాబాదు ప్రాంతమున పెద్దలు కొందరు నేటికిని పింఛనును వజీఫా యందురు. నిజాము రాజ్యములో ఉద్యోగము చాలించినవానికి లభించునది ‘వజీఫా హుస్నె ఖిద్మత్’, అనగా చక్కని సేవకు దగిన వజీఫా. బడిపిల్లవాని కిచ్చు సొమ్మునకును ఆ మాటయే. తెలుగులోను ఇంచుమించుగా నంతే. నేడు ఉపకారవేతన మనిన పిల్లల చదువుల కిచ్చు సొమ్ము. పూర్వపు వ్రాతలలో ఆ మాటకు పింఛనను నర్థమును గలదు. చదువు ముగియని బాలుని, పని ముగిసిన వృద్ధుని ఒకే మాటతో ఆదరించుటలో నొక యందము లేకపోలేదు. కాని ఆ ‘ఉపకార’ శబ్దము మాకు రుచింపదు. ఉపకారమైనచో చేయవచ్చును, మానవచ్చును. చేసిననాడు చేతులు జోడించి పుచ్చుకొనవలెను. 1982 వ సంవత్సరము డిసెంబరు 17 వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము నకారా యనువారి వ్యాజ్యమున ఈ విషయమును తేటపఱచినది. పింఛను ప్రభువుల దయాదత్తి కాదనియు, వెనుక చేసిన సేవకు చెల్లవలసిన హక్కనియు ఆ తీర్పు సారాంశము. ఆ దినమునే పింఛనుదారులు ఏటేట తమ దినముగా జరుపుకొనుచున్నారు.

మన శాస్త్రములు వార్ధక్యమును వేఱు విధముగ కొలిచినవి. మనువు వానప్రస్థమును జెప్పుచోట ఇన్నియేండ్లని లెక్క పెట్టలేదు. చర్మము ముడుతలుపడి, తల నెరసి, సంతానమునకు సంతానము కలిగినపుడు అడవికి బొమ్మనెను. ఎవని శరీరము వానికి గడియారము. పైగా ఆ యడవిలో కందమూలము లుండెను. ఇప్పటి విరమణలో అడవి మాత్రమే మిగిలినది. శుక్రనీతి మఱింత లౌక్యముగా మాటాడినది. నలుబది యేండ్లు కొలిచినవానికి పని లేకయే సగము జీతమును జీవితాంతము ఇయ్యవలెననియు, వాని పిదప ఆలుబిడ్డలకు అందులో సగము ఇయ్యవలెననియు రాజునకు విధించినది. ఆ గ్రంథ మంత ప్రాచీనము కాదని తలచు పండితులును గలరు. ఎప్పటిదైనను, ఆ ‘సగము’ అను లెక్క మాత్రము గట్టిది. పాత పింఛను నియమములలో కడపటి జీతమున సగమే కొలత. 2025 ఏప్రిలునుండి కేంద్రోద్యోగుల కొఱకు వచ్చిన క్రొత్త యేర్పాటులోను, ఇరువదియైదేండ్లు కొలువు చేసినవానికి చెప్పినది ఆ సగమే.

ఇక రెండు వయస్సులు కలియకపోయిన నేమగునో చూపుటకు ఒక దూరదేశపు ముచ్చట చెప్పెదము. ఇది విమానచోదకుల కథ. మా జక్రాన్‌పల్లి వద్ద విమానాశ్రయము కట్టుదురను మాటను చాల యేండ్లుగా వినుచున్నాము గాన, మా చదువరులకు విమానము పూర్తిగా పరాయి వస్తువు కాదు.

అమెరికాలో 1960 మార్చినుండి యొక నియమము నడచినది. ప్రయాణికుల విమానమును నడపు చోదకునికి అరువదియేండ్లు నిండెనా, ఆనాటితో వాడు దిగిపోవలెను. కన్ను, చెవి, గుండె యెంత గట్టిగ నున్నను సరే. వైద్యుడు చూచి భేషనినను సరే. ప్రయాణికుల ప్రాణములు వాని చేతిలో నుండును గనుక ఆ నియమమును మేము తప్పు పట్టము. అయితే ఆ దేశముననే ప్రభుత్వ మేర్పఱచిన పింఛనుల బీమాసంస్థ యొకటి గలదు. ఏదైన వ్యాపారసంస్థ చితికిపోయి తన పింఛనులను చెల్లింపలేనిచో ఆ బీమాసంస్థ యొక హద్దువఱకు చెల్లించును. ఆ హద్దును అరువదియైదేండ్లవానికి లెక్కగట్టిరి. అంతకుముందే విరమించినవాడు తొందరపడి దిగిపోయినవాడని భావించి కోసివేసిరి.

2005 వ సంవత్సరమున యునైటెడ్ అను పెద్ద విమానసంస్థ తన పింఛనులను మోయజాలనని చేతులెత్తినది. ఆ యేడు బీమా హద్దు అరువదియైదేండ్లవానికి సంవత్సరమునకు 45,614 డాలర్లు. అరువదియేండ్లవానికి 29,649 డాలర్లు. ఇందులోని చమత్కారమును చదువరులు గమనింతురు గాక. అరువదింట దిగిపొమ్మన్నది ప్రభుత్వము. అరువదింట ఏల దిగితివని మూడవ వంతునకు మించి కోసినదియు ప్రభుత్వ మేర్పఱచిన సంస్థయే. ఒక చేయి తలుపు మూసినది. రెండవ చేయి, బయట నిలిచినందులకు జుల్మానా వేసినది. ఆ రెండు చేతులకు నడుమ మాట లేదు.

అక్కడివారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2006 లో చేసిన పింఛను చట్టమున, విమాననియమముచేత ముందుగా దిగిపోవలసినవానికి అరువదియైదునకు బదులు ఆ విరమణ వయస్సునే లెక్కకు దీసికొనవలెనని వ్రాసిరి. 2007 డిసెంబరులో విరమణ వయస్సునే అరువదియైదునకు బెంచిరి. ఇట్లు రెండు గడియారములను కలుపుట మానవులచేత నగుపనియే యని తేలినది. దానికి మహాద్రవ్యముకంటె ముందు కావలసినది, ఒక కచేరీవారు రెండవ కచేరీవారి నియమములను చదువుట.

ఇప్పుడు మా యూరికి వత్తము. నిజామాబాదునుండి బోధనుకు బోవు బాటమీద మా యెడపల్లి యున్నది. జానకంపేటనుండి బోధనుకు బోవు రైలుదారియు మా మీదుగనే పోవును. 1931 నాటికి మంజీరమీద నిజాంసాగరు పూర్తియై కాలువలు పాఱగా ఈ నేలకు చెఱకు వచ్చినది. చెఱకు వెంట ఫ్యాక్టరీ వచ్చినది. 1937 లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థ యేర్పడి, మఱుసటియేడు బోధను ప్రక్క శక్కర్‌నగరులో గానుగలు తిరిగినవి. ఒకకాలమున ఆసియాలోనే పెద్దదని పేరు వడసినది. ఊరి పేరే శక్కరయినపుడు జనుల జీవిత మెట్లు దాని చుట్టును అల్లుకొన్నదో వేఱుగ జెప్పనక్కఱలేదు. చలికాలమున చెఱకుబండ్లు బారులుతీరి నడచెడివి. గాలి తిరిగిననాడు మొలాసిసు వాసన ఊళ్లమీద పఱచుకొనెడిది. పెండ్లిచూపులలో పిల్లవాడు ‘ఫ్యాక్టరీల పర్మనెంటు’ అనిన చాలు, మాట ఖాయమయ్యెడిది.

2002 లో ఆ ఫ్యాక్టరీ నూటికి 51 వంతులు ప్రైవేటువారి చేతికి పోయి, 49 వంతులు ప్రభుత్వమువద్ద నిలిచినది. 2015 డిసెంబరులో పని నిలిచిపోయినది. దానిని మఱల తెఱపించుట యెట్లని యాలోచించుటకు 2024 జనవరిలో ప్రభుత్వ మొక సంఘమును వేసినది. ఫ్యాక్టరీ ఏల నిలిచెను, దోష మెవరిది యను తగవులో మాకు పని లేదు; దానిపై మాటాడువారు మా జిల్లాలో ప్రతి హోటలు బల్లకును నలుగురు దొరకుదురు. మేము చూచునది ఒక్క సంగతి. ఆ డిసెంబరున ఏబది, ఏబదియొకటి, ఏబదిమూడు ఏండ్ల వయస్సున నున్న మనుష్యుని గతి యేమి? వాడు విరమింపలేదు. వానికి పని లేదు. వాడు వృద్ధుడు కాడు. వానికి క్రొత్త కొలువిచ్చువాడును లేడు.

మా యింటికి నాలుగిండ్ల యవతల అట్టివా డొకడున్నాడు. చక్కెర వండు పాన్‌లవద్ద పనిచేసెను. పాన్‌మన్ పని చేతులతోకంటె కన్నుతో చేయునది. ఉడుకుచున్న పాకమునుండి రవ్వంత దీసి గాజుపలకమీద రాచి వెలుతురున కెత్తి చూచినచో పలుకు గట్టెనా లేదా యని చెప్పగలడు. యంత్రములు పెట్టిన పిదపను ఆ కన్నునకే గౌరవముండెనని చెప్పును. ఫ్యాక్టరీ నిలిచినపుడు వానికి ఏబదియొకటి. ఉద్యోగుల పింఛను పథకము, 1995 ప్రకారము పూర్తి పింఛను ఏబదియెనిమిదింట గాని రాదు. ఏబదినుండి తీసికొనవచ్చును గాని, ఏబదియెనిమిదికి తక్కువైన ప్రతి యేటికిని నూటికి నాలుగు వంతున కోత. ఏబదింట తీసికొన్నవానికి మూడవ వంతునకు సమీపముగ పోవును. ఆ కోత ఏబదియెనిమిది నిండగనే తీఱునది కాదు, జీవితాంతము వెంబడించును.

ముందుగనే యేల తీసికొనలేదని మేము అడిగితిమి. దాని కాయన యిట్లనెను: “నాకు ఏండ్లు నిండలేదు సారూ, కార్ఖానకే నిండినయ్. ముందుగాల తీస్కుంటే బతికినన్ని దినాలు గా కోత వోదన్నరు. గందుకే ఆగిన.”

ఏడేండ్లు! మఱి ఆ యేడేండ్లు ఏమి తింటిరి కాకా, యని అడిగితిమి. ఆయన క్షణమాలోచించి, లోపలికి చూచి, “ఇంట్లామె బీడీలు చేసింది. మేం తిన్నం” అనెను. ఆయన కూడ ఊరకుండలేదు. నిజామాబాదులో రాత్రికాపలా చేసెను, సోయాకోతలకు బోయెను. కాని నెలనెల తప్పక వచ్చినది ఆ చాటలోని సొమ్మే.

మా జిల్లాలో ఈ చాట సంగతి యెఱుగని యిల్లు తక్కువ. తునికాకు తడిపి, కత్తిరించి, పొగాకు వేసి, చుట్టి, దారము గట్టి వేయిబీడీలకు ఇంతయని లెక్క. నడుము వంగి, ఊపిరితిత్తులలో పొగాకుదుమ్ము చేరి స్త్రీలు ఏండ్ల తరబడి కూర్చుందురు. చట్టములు చేయువారు రెండు వయస్సుల నడుమ విడిచిన యెడమును ఎవరు మోయుచున్నారని మేము మొదట అడిగిన ప్రశ్నకు సమాధాన మా చాటలో దొరకినది. పురుషుని వార్ధక్యమునకు ప్రభుత్వ మొక గడువును, పింఛనుశాఖ యొక గడువును పెట్టగా, ఆ గడువుల మధ్య వంతెన స్త్రీ చేతివ్రేళ్లతో కట్టబడినది. దానిని ఏ లెక్కలోను వ్రాసినవారు లేరు.

ఆ యేడేండ్లు ఓపిన పిదప వచ్చు పింఛను ఎంత? లెక్క సులభము. పింఛనుకు లెక్కించు జీతమును, సేవచేసిన యేండ్లతో గుణించి, డెబ్బదితో భాగించవలెను. జీతమనగా పూర్తి జీతము కాదు. దానికి హద్దు గలదు. ఆ హద్దు 2014 సెప్టెంబరు వఱకు నెలకు 6,500 రూపాయలు, నాటినుండి 15,000. హద్దు 6,500 అనుకొని ఇరువదియేండ్లకు కట్టినచో వచ్చునది 1,857 రూపాయలు. ఇరువదియేండ్లు నిండినవానికి రెండేండ్లు కలిపి యిత్తురు. అంతకు పూర్వపు సేవకు స్వల్పముగ మఱికొంత చేరును. చెఱకు ఆడు నెలలలోనే పనియుండు వారికి ఆ కొన్ని నెలలనే పూర్తి సంవత్సరముగ నెంచుట ఈ పథకములో మేము మెచ్చుకొను నియమము. కాని యెన్ని కలిపినను మొత్తము పెద్దది కాదు. 2014 సెప్టెంబరులో కనీసపు పింఛను వెయ్యి రూపాయలని నిర్ణయించిరి. ధరలు పెరిగినను దీనికి కరవుభత్యము లేదు.

ఇదే వీథిలో రాష్ట్రప్రభుత్వమువారి ఆసరా పింఛను గలదు. 2014 లో వెయ్యిగా నారంభమై 2019 నుండి 2,016 రూపాయలయినది. బీడీకార్మికురాండ్రకును 2015 నుండి అట్టి పింఛను కలిగినది. దానిని మేము హృదయపూర్వకముగ హర్షించితిమి. అయినను లెక్క చూడుడు. ఏమియు లేనివానికని ప్రభుత్వము నిర్ణయించిన మొత్తము 2,016. ఫ్యాక్టరీలో నెలనెల జీతమునుండి జమ కట్టించి యిత్తుమన్న కనీసపు మొత్తము వెయ్యి. దానమునకంటె హక్కు చిన్నదైనది.

వయస్సుల సంగతి మఱింత వింత. ఆసరా వృద్ధాప్య పింఛనుకు 2022 నుండి ఏబదియేడేండ్లవాడు వృద్ధుడు. ఫ్యాక్టరీ పింఛనుకు ఏబదియెనిమిదింట వృద్ధుడు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణచట్టమునకు అరువదింట వృద్ధుడు. మా బడిలో అరువదియొకటవ యేట వృద్ధుడు. విమానము నడపువాడు అరువదియైదువఱకు వృద్ధుడే కాడు. ఒకే వీథిలో, ఒకే యేట బుట్టిన అయిదుగురకు వార్ధక్యము అయిదు మాఱులు వచ్చుచున్నది. మనువు చెప్పిన ముడుతయు, నెరసిన తలయు ఇంతకంటె నయము కాదా యని యొకనాడు మా సంస్కృత విద్యార్థి మమ్ము అడిగెను. నయమే, కాని నెరసిన తలకు రంగువేయు కాలమున అదియు నిలువదని చెప్పితిమి.

అసలు పుట్టినతేది యే గట్టిది కాదనుట బడిపంతులకు తెలిసినంత యితరులకు తెలియదు. ఏ యూరి బడిలోనైనను పాత ప్రవేశపట్టికను దీసి చూడుడు. ఊరు ఊరంతయు జూన్, జూలై నెలలలో పుట్టినట్లుండును. బడి తెఱచునాటికి పిల్లవానికి అయిదేండ్లు నిండవలెను గనుక, చేర్చుకొన్న పంతులు ఆ నెలలలో నొక తేదీని వ్రాసెను. తల్లికి జ్ఞాపకమున్నది ‘పెద్దవాన గొట్టిననాడు’, ‘బతుకమ్మ పండుగకు ముందు’. పట్టికలో పడినది జూన్ ఒకటి. ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఆ కలముపోటే వానిని కొలువునుండి లేపును. ప్రభుత్వోద్యోగి వయస్సు నిండిన నెల కడపటి దినమున విరమించును. ఒకటవ తేదీన పుట్టినవాడైనచో అంతకుముందు నెల కడపటి దినముననే. 1984 నాటి నియమావళి ప్రకారము సేవాపుస్తకమున నొకసారి ఎక్కిన పుట్టినతేదిని మార్చుట దుర్లభము. బడిలో ఎన్నడు నడుగు పెట్టనివానికి ఫ్యాక్టరీలో వైద్యుడు పండ్లు, మీసము చూచి వయస్సు వేసెను. అందుచేత మేము ఇప్పుడు పిల్లలను చేర్చుకొనునపుడు జననపత్రము లేనిదే కలము కదపము. లేనిచో తల్లిదండ్రులను గ్రామపంచాయతికి పంపుదుము. కొందరు విసుగుకొందురు. విసుగుకొననిండు.

ప్రభుత్వోద్యోగుల వంతు మాటాడకున్న పక్షపాతమనిపించుకొందుము. 1983 లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము విరమణ వయస్సును ఏబదియెనిమిదినుండి ఏబదియైదునకు దించినది. ఆ ఫిబ్రవరి నెలాఖరున ఒక్కమాఱుగ వేలమంది యిండ్లకు బోయిరి. 1984 ఆగస్టులో మఱల ఏబదియెనిమిది చేసిరి. 1985 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానము, దించుట ప్రభుత్వపు అధికారములోనిదే యనినది. ఆగస్టులో మఱియొక తీర్పున, నడుమకాలమున ఇంటికి బోయి ఇంకను ఏబదియెనిమిది నిండనివారికిని ఆ పెంపు చెందవలెననినది. ఆ గందరగోళము మేము పాలు త్రాగునాటిది. పెద్దలు చెప్పగా వింటిమి. అందులో మాకు ముఖ్యమనిపించు సంగతి యొకటి. నాడు ఏబదియైదింట దిగినవారికి విరమణ యన్యాయముగ దోచినను, మఱునాటినుండియే పింఛను నడచినది. ఏబదియెనిమిదవ యేటి వఱకు ఆగుమని ఎవరును అనలేదు. రెండు గడియారములు ఒకేమాఱు మ్రోగినవి. శక్కర్‌నగరు పాన్‌మన్‌కు ఆ భాగ్యము లేకపోయినది.

తెలంగాణలో 2021 మార్చిలో విరమణ వయస్సును ఏబదియెనిమిదినుండి అరువదియొకటికి పెంచిరి. మూడేండ్లు వయస్సు నిండి విరమించినవారు లేకపోయిరి. 2024 మార్చి నెలాఖరునుండి మఱల మొదలయినది. ఉద్యోగములకై చదువుకొనుచున్న యువకులు ఆ మూడేండ్లు ఎట్లు గడపిరో వారి తల్లులకు తెలియును. మఱి విరమించినవారికైన చేయవలసిన చెల్లింపులు వెంటనే చేతికందెనా యనిన, పలువురు గ్రాట్యుటీ కొఱకును సెలవుల సొమ్ము కొఱకును నెలల తరబడి యెదురుచూచిరి. కొందరు న్యాయస్థానము మెట్లెక్కిరి. విరమణ తేది క్షణము దాటదు గాని చెల్లింపు తేదికి క్షణమనునదే లేదు. తేది యొకవైపే గట్టిగ నుండుట యెట్టి న్యాయము?

మా సంగతి మఱియొక విధము. ఆంధ్రప్రదేశమున 2004 సెప్టెంబరు 1 తరువాత కొలువున జేరినవారికి పాత పింఛను లేదు. మేము 2008 లో చేరితిమి. మా జీతమున నూటికి పది, ప్రభుత్వము పది, కలిసి బజారునకు పోవును. అరువదియొకటింట చేరినదానిలో నలుబదివంతులకు తక్కువ కాకుండ పెట్టి నెలనెల వచ్చు వర్షాశనమును కొనవలెను. మిగిలినది చేతికి వచ్చును. మాకు రెండు గడియారములును కలిసినవి, సంచిలో నెంతయున్నదో మాత్రము ఆనాటి బజారు చెప్పవలెను. 2003 లో ప్రకటన వెలువడిన ఉపాధ్యాయపదవులకు 2005 లో నియమితులైనవారు గలరు. పరీక్ష పాతకాలమున వ్రాసిరి, పింఛను క్రొత్తకాలపుది. ఒకే విశ్రాంతిగదిలో, ఒకే బల్లకు ఇరుప్రక్కల, ఒకే పాఠము చెప్పు ఇద్దరిలో నొకరికి కడపటి జీతమున సగము నిశ్చయము, రెండవవారికి అనిశ్చయము. మా భార్య యీ లెక్క నొకనాడు ఓపికగ విని, మనము కూడ ఒక చాట కొనవలెనేమో యనినది. మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

మేము ప్రభుత్వములను కోరునది ఆకాశకుసుమమేమియు కాదు. అమెరికావారు చోదకుని కొఱకు వ్రాసిన వాక్యమువంటి దొక వాక్యము మన పింఛను పథకమునను వ్రాయవలెను. తన యిచ్ఛచే గాక, ఫ్యాక్టరీ మూతపడుటచే పనిపోయిన యేబదియేండ్లు దాటినవానికి ‘ముందుగ తీసికొన్నవాడు’ అను ముద్ర వేయరాదు, కోత యుండరాదు. ఖజానా తట్టుకొనలేదందురేమో. ఏబదియేండ్లు దాటిన పిదప ఫ్యాక్టరీ మూతపడినవారు దేశమున నెందఱుందురో లెక్క దీసి, అప్పుడు మాటాడవచ్చును. అంతవఱకు ఆ భారము మాయమగుట లేదు. మా వీథిలో చాటలు మోయుచున్నవి.

ఇండ్లలోని స్త్రీలు చేయదగిన పని యొకటి గలదు. భర్త కాగితములు భర్త పెట్టెలోనే యుండవలెనను నియమ మెచ్చటను లేదు. భవిష్యనిధి సంఖ్య యేమి, పింఛను ఉత్తరువు సంఖ్య యేమి, వారసులుగ నెవరి పేరు వ్రాసిరి, ఆ పేరును ఆధార్‌లోని పేరును ఒకటేనా యని నాలుగు విషయములు ఇల్లాలు చూచుకొనవలెను. ఫ్యాక్టరీ పింఛనుదారుడు పోయినచో వాని భార్యకు అందులో సగము వచ్చును, కనీసము వెయ్యి. భర్త పోయి యెనిమిది నెలలైన పిదప దరఖాస్తుతో మా కడకు వచ్చిన యొక యమ్మ పేరు, పట్టికలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి, రేషనుకార్డులో మూడవది. పుట్టింట పిలిచిన పేరు, అత్తింట పెట్టిన పేరు, ఉర్దూ గుమాస్తా వ్రాసుకొన్న పేరు. మూడును ఆమెయే. ముగ్గురు కారని చెప్పుటకు మాకు మూడు వారములు పట్టెను.

పాన్‌మన్ భార్యకు మా రాత అవసరము లేదు. కూడికలు ఆమెకే బాగుగ వచ్చును. వేయిబీడీల లెక్కలో ఎన్నడును తప్పలేదు. ఆమె పింఛనుకు నిలిచినపుడు వచ్చిన చిక్కు వేఱు. వ్రేలిముద్ర యంత్రము ఆమె బొటనవ్రేలిని గుర్తింపలేదు. తునికాకు మీద ముప్పదియేండ్లు రాచి రాచి వ్రేళ్లగీతలు అరిగిపోయినవి. కుడివ్రేలు పెట్టిరి, ఎడమవ్రేలు పెట్టిరి, తడిగుడ్డతో తుడిచి మఱల పెట్టిరి. చివరకు ముఖము చూపి గుర్తించు సాధనముతో పని జరిగినది. ఆమె తల కదపకుండ యంత్రము వైపు చూచుచుండగా, ప్రక్కన నిలిచిన ఆమె భర్త “కండ్లు ఆర్పకే” అని మెల్లగ చెప్పుచుండెను.